ఏప్రిల్ అమ్మాయి

“నేనేనండీ, ఆ ఏప్రిల్ అమ్మాయిని...” అంది ఫోన్‌లో ఓ మెత్తటి ఆడగొంతు.

రోమానా ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో సోయకూర కట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“మీరు జెనోన్ కుల్పా గారి భార్యే కదండీ? మొన్న రేడియోవాళ్లు అడిగారుగా, ఆ పాటలో ఉన్న అమ్మాయి ఎవరైనా సరే ముందుకు రమ్మని. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు నేను. నా పేరు ఇలోనా. మాల్‌బోర్క్ నుంచి మాట్లాడుతున్నా. ఆదివారం ఆయన పేరుగల పునీతుడి రోజు, ఆయన పేరు పండుగ కదా... ఒక్కసారి వచ్చి పువ్వులిచ్చి వెళ్లిపోతా. మీరేమీ అనుకోరు కదా?”

“అనుకోవడానికేముందండీ,” అంది రోమానా. తన గొంతు అంత మామూలుగా పలికినందుకు తనకే ఆశ్చర్యం వేసింది. “పేరు పండుగకి మేం ఎవర్నీ పిలవం. గుర్తుపెట్టుకుని వచ్చినవాళ్లని గుమ్మంలోంచి పంపించం. రండి.”

ఫోను పెట్టేసి వంటింటి కుర్చీలో కూలబడింది. ఇరవై ఏడేళ్లుగా ముఖం లేని ఆడది... ఇవాళ పేరు చెప్పింది, ఊరు చెప్పింది, వస్తానని కూడా చెప్పింది! ఉడుకుతున్న కొత్త బంగాళాదుంపల కుండలో నీళ్లు ఇగిరిపోయి మాడు వాసన వచ్చేదాకా రోమానా లేవలేదు.

జెనోన్ కుల్పా అంటే తెలియనివాళ్లు ఆ దేశంలో లేరు. గ్దాన్స్క్ ఓడల కార్మికుల క్లబ్బులో అరువు గిటారుతో మొదలుపెట్టాడు. వేసవిలో సోపోత్ నాట్యశాలల్లో సెలవులకొచ్చినవాళ్ల కోసం ఊళ్లో అందరి పాటలూ వాయించాడు. చివరికి ‘ఉప్పుగాలి’ అని సొంత బృందం పెట్టుకుని, సొంత పాటలు రాసుకుని, గొంతు చిరిగేలా పాడి పేరు తెచ్చుకున్నాడు. అందులోనూ ఒక పాట అతన్ని ఆకాశానికెత్తింది. ‘ఏప్రిల్‌లో వచ్చావు, మంచు కరిగిన దారిలో...’ అని మొదలవుతుంది. దాన్ని పెళ్లిళ్లలో పాడతారు, ఫుట్‌బాల్ మైదానాల్లో పాడతారు, బస్సు డ్రైవర్లు ఈల వేస్తారు. ఆ పాట వచ్చినప్పుడల్లా రేడియో కట్టేసే మనిషి దేశం మొత్తం మీద ఒక్కతే ఉంది. ఆమె అతని భార్య.

ఎందుకంటే రోమానా ఏప్రిల్‌లో రాలేదు. ఆమె అతనికి కనిపించింది పంతొమ్మిది వందల ఎనభైలో, ఆగస్టు నెలలో. ఓడల కార్ఖానాలో సమ్మె మొదలైన మర్నాడు అది. మరి ఏప్రిల్‌లో వచ్చింది ఎవరు? పెళ్లయిన మరుసటి ఏడాది, కలీనాని కడుపుతో ఉండి ఆస్పత్రి మంచం మీద పడుకుని, ఆ పాటని ఆమె మొదటిసారి రేడియోలోనే వింది. పక్క మంచం ఆవిడ “ఎంత అదృష్టవంతురాలివమ్మా, నీ మీద పాట కట్టాడు,” అంటే నవ్వి ఊరుకుంది. ఏప్రిల్ నెలలో వాళ్లిద్దరి మధ్యా ఏమీ జరగలేదని ఆ ఇల్లాలికి తెలియదు కదా.

ఇంటికి వచ్చాక ఒకే ఒక్కసారి అడిగింది. “పాట గురించి అడక్కు రోమ్కా,” అన్నాడు జెనోన్ ముద్దుపేరుతో పిలిచి, ముఖం పక్కకి తిప్పుకుని. ఆ తిప్పుకోవడమే ఆమె గుండెలో ముల్లులా గుచ్చుకుంది. రెండేళ్లకి ఒక పత్రికలో “ఆ అమ్మాయి ఎవరు?” అని అడిగితే “ఉంది ఒకావిడ. పేరు చెప్పను,” అని నవ్వుతూ ఫొటో దిగాడు. అంతే, ఆ రోజుతో రోమానా అడగడం మానేసింది. అనుమానించడం మాత్రం మానలేదు. ఏటా ఏప్రిల్ వచ్చిందంటే గోడ మీది క్యాలెండర్‌లో అతను ఇంట్లో లేని రోజుల కింద పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టేది. ఉత్తరాల మీద ఊరి ముద్రలు చూసేది. జర్మనీ నుంచీ స్వీడన్ నుంచీ తిరిగొచ్చిన కోటు విదిలించే ముందు ఒకసారి వాసన చూసేది. ఏదీ దొరికేది కాదు. ఏదీ దొరకకపోవడం కూడా ఆమెకి అనుమానంగానే ఉండేది... అంత జాగ్రత్తగా దాచేవాడు దాచేది ఎంత పెద్దదో అని!

ఆ సాయంత్రం జెనోన్ సాధన నుంచి వచ్చాడు. జులైలో ‘ఉప్పుగాలి’ ముప్పై ఏళ్ల కచేరీ. నెరిసిన జుట్టు వెనక్కి ముడేసుకుని, నొప్పిపుట్టే వేళ్లని ఒకదాని తర్వాత ఒకటి పిసుక్కుంటూ బల్ల ముందు కూర్చున్నాడు.

“మాల్‌బోర్క్ నుంచి ఇలోనా అని ఒకావిడ ఫోన్ చేసింది,” అంది రోమానా, పళ్లెం అతని ముందు పెడుతూ. “ఏప్రిల్ అమ్మాయి తనేనట. ఆదివారం వస్తోంది.”

అతని చేతిలో ఫోర్కు ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణాన్ని రోమానా వదల్లేదు.

“ఎవరామె?”

“నాకు తెలీదు.”

“తెలీని మనిషి మీద పాట రాశావా?”

“రోమ్కా... ఆ పాట సంగతి వదిలెయ్. కచేరీ అయిపోనీ. అప్పుడు మాట్లాడుకుందాం.”

“వస్తే ఏం చెప్తావు ఆమెకి?”

“రానీ చూద్దాం,” అని అతను బంగాళాదుంప నోట్లో పెట్టుకున్నాడు. మాడిపోయిందని కూడా అనలేదు.

పక్క గదిలోంచి అత్తగారు అపోలోనియా కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. ఎనభై నాలుగేళ్ల మనిషి, చెవులు మాత్రం ఇరవై ఏళ్లవి.

“ఇంకా ఆ ఏప్రిల్ గొడవేనా? పాటగాణ్ణి కట్టుకున్నదానివి, పాటల్లో ఆడవాళ్లకి కూడా ఏడుస్తావా? నీ స్థానంలో ఇంకొకతైతే ఆ మంచి నీలం గౌను వేసుకుని మొదటి వరసలో కూర్చునేది.”

“మొదటి వరసలో కూర్చుని ఇంకోదాని పాట వినమంటారా అత్తయ్యా?”

“విన్నంత మాత్రాన చెవులు ఊడిపోవు,” అంది ముసలావిడ. కానీ ఆ మాట అంటూ కొడుకు కళ్లలోకి చూసిన చూపు రోమానాకి నచ్చలేదు. ఆ తల్లీకొడుకులకి తెలిసింది ఏదో ఉంది, తనకి తెలియనిది. ఆ రాత్రి ఆమె రొట్టె ముక్క కూడా ముట్టలేదు.

శనివారం పొద్దున్నే జెనోన్ గదిలో కూర్చుని గిటారుకి కొత్త తీగలు ఎక్కిస్తున్నాడు. రోమానా పండుగకి దోసకాయ ఊరగాయ సీసాలు తేవాలని భూగృహంలోకి దిగింది. ప్రతి ఫ్లాటుకీ కింద ఒక చెక్క తలుపు గది ఉంటుంది. దుంపలూ, సీసాలూ, పాత స్కీలూ అక్కడే. వాళ్ల గదిలో మూలన చచ్చిపోయిన యాంప్లిఫయరు ఒకటి ఇరవై ఏళ్లుగా పడి ఉంది. పారేస్తానని ఎన్నిసార్లన్నా జెనోన్ ఒప్పుకోడు. “అది నా మొదటిది, ముట్టుకోకు,” అంటాడు. ఇవాళ ఆ పెట్టెని చూడగానే రోమానా మనసు ఆగింది. ముట్టుకోవద్దన్నది దేనికి?

సీసాలు కింద పెట్టింది. అరలో ఉన్న స్క్రూడ్రైవరు తీసుకుని పెట్టె వెనక చెక్క విప్పింది. నాలుగు స్క్రూలూ తేలిగ్గానే తిరిగాయి. లోపల తీగల వెనక ఒక అట్ట ఫైలు కనిపించింది. ఉత్తరాలు! ఇలోనా ఉత్తరాలు!

ఉత్తరాలు కావు. టైపు కొట్టిన ఒకే ఒక్క కాగితం. కింద గుండ్రటి ముద్ర, పంతొమ్మిది వందల ఎనభై రెండు మార్చి తేదీ. అప్పట్లో ఏ పాటైనా వేదిక ఎక్కాలంటే ముందు రెండు కాపీలు సెన్సారు ఆఫీసుకి పంపాలి. ముద్ర పడిన కాపీ తిరిగి వస్తేనే పాట. ఆ సంగతి ఆమెకీ తెలుసు. కాగితంలో మొదటి నాలుగు పంక్తుల మీదా ఎర్ర పెన్సిల్ అడ్డంగా గీసి ఉంది. గీత కింద మాటలు స్పష్టంగానే కనిపిస్తున్నాయి.

‘ఆగస్టులో వచ్చావు, ట్రాములు ఆగిన వీధిలో,
చెప్పులు చేత పట్టుకుని నడిచి నడిచి వచ్చావు,
నా పెట్టె బరువు సగం అడగకుండా మోశావు,
ఊరంతా ఆగిన రోజున నువ్వొక్కతే నడిచావు.’

పక్కన అదే ఎర్ర పెన్సిల్‌తో: ‘నెల మార్చాలి. ట్రాములు తీసెయ్యాలి. ఆగిన ఊరు వద్దు.’

రోమానా దుంపల బస్తా మీద కూర్చుండిపోయింది. ఆ రోజు సమ్మెకి ట్రాములు నిలిచిపోయాయి. కొత్త చెప్పులు కరిచాయని చేత్తో పట్టుకుని ఆమె ఊరి చివరి ఒలీవా దాకా నడిచింది. దారిలో ఒక పొడుగాటి కుర్రవాడు ఈ పెట్టెనే ఈడ్చుకుపోతుంటే చూడలేక ఒక పక్క చెయ్యేసింది. ఆ నెల పేరు పలికితే చాలు, ఓడల కార్ఖానా గేటు గుర్తొచ్చే రోజులవి. ఆ సమ్మెలు అణచడానికి సైనిక పాలన పెట్టి, సైన్యం వీధుల్లో ఉండగా ఆగస్టు అన్న మాట పాటలో ఎవడు ఉండనిస్తాడు? ఏప్రిల్ అయితే అంతే పొడుగు, రాగంలో చక్కగా ఇమిడిపోయింది. అంతే... ఏప్రిల్ అమ్మాయి అంటూ ఎవరూ లేరు. ఆ అమ్మాయి తనే. ఇరవై ఏడేళ్లు తనని చూసి తనే కుళ్లుకుంది!

సంతోషం రావాలి. రాలేదు. మొదట కన్నీళ్లు వచ్చాయి, వాటి వెనకే కోపం వచ్చింది.

ఆమె మెట్లెక్కి వచ్చి ఆ కాగితాన్ని జెనోన్ ఒళ్లో ఉన్న గిటారు తీగల మీద పెట్టింది. అతను చూసి తల దించుకున్నాడు.

“ఎవరైనా ఇంతకాలం దాస్తారా ఇది?” అంది రోమానా.

“సిగ్గేసింది.”

“నా మీద పాట రాసినందుకా?”

“మార్చినందుకు. లూత్సియన్ ఒక్క మాటా మార్చనన్నాడు, డ్రమ్ములు వదిలేసి వెళ్లిపోయాడు. నేను మార్చాను. రెండేళ్లకి వాడు అందరితో చెప్పడం మొదలెట్టాడు, నేను సెన్సారు ముందు వంగానని. పత్రికవాడు అడిగాడు. వంగాను అని చెప్పలేకపోయా. ఉంది ఒకావిడ అన్నా... ఆడపిచ్చి ఉందంటే పాటగాడికి అదో అందం. పిరికివాడంటే ఇంకేం మిగుల్తుంది? తర్వాత ప్రభుత్వం మారింది, పోస్టర్ల మీద ‘ఒక్క మాట మార్చని మనిషి’ అని వేశారు. ఇక ఎక్కడ చెప్పను?”

“నాకు చెప్పాల్సింది. వంటింట్లో. ఈ బల్ల దగ్గర.”

తలుపు దగ్గర కర్ర చప్పుడైంది. “వాణ్ణి అనకు,” అంది అపోలోనియా. ఎప్పుడూ లేనిది, గొంతు చిన్నగా ఉంది. “మార్చమన్నది నేను. నువ్వు ఆస్పత్రిలో కాళ్లు పైకి పెట్టుకుని పడుకునున్నావు, కడుపు నిలుస్తుందో లేదో తెలీదు. వీడు ఆ నెలే ఉండాలని మొండికేస్తే లోపలేస్తారు. వీణ్ణి పట్టుకుపోయారంటే నీ కడుపు ఆ రోజే పోతుంది. నెల పేరే కదరా, మార్చెయ్ అన్నాను. ఈ పిల్లకి చెప్పొద్దనీ నేనే అన్నాను, మంచం మీద ఏడవకూడదని.”

“తర్వాత అత్తయ్యా? కలీనా పుట్టాక? నడిచాక? బడికెళ్లాక?”

ముసలావిడ నేల చూపులు చూసింది. “తర్వాత... వాడి పేరు పెద్దదైపోయింది.”

రోమానా ఏడుస్తూనే నవ్వింది. “కలీనా కోసం మార్చావు. అది నాకు అర్థమైంది జెనెక్, దానికి నీ కాళ్లకి దండం పెడతా. వచ్చి నాకు చెప్పుకుని ఉంటే ఇద్దరం కూర్చుని ఏడ్చేవాళ్లం, అయిపోయేది. నువ్వేం చేశావు? లేని ఆడదాన్ని పట్టుకొచ్చి మన మంచం మధ్యలో పడుకోబెట్టావు. ప్రతి ఏప్రిల్‌లోనూ నేను దాన్ని దాటుకుని నిద్రపోయాను.”

“కచేరీ దాకా ఆగు రోమ్కా. అందరూ అదే పోస్టరు చూసి టిక్కెట్లు కొనుక్కున్నారు. తర్వాత అందరికీ నేనే చెప్తా.”

“రేపు వచ్చినవాళ్లకి భోజనం పెడతా. అది నా బాధ్యత. సాయంత్రం ఆరు గంటల రైలుకి స్లూప్స్క్‌లో మా అక్క దగ్గరికి వెళ్లిపోతా. నేను ఇంక ఆగలేను. ఆగాల్సినంత ఆగాను.”

ఆమె పెట్టె సర్దుతుంటే జెనోన్ గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి అడుగు వెయ్యలేదు. ఆమె కూడా రమ్మనలేదు.

ఆదివారం మధ్యాహ్నం నుంచి గంట మోగుతూనే ఉంది. కలీనా స్ట్రాబెర్రీ కేకుతో వచ్చి, తల్లి కళ్లు చూసి “ఏమైందమ్మా?” అంది. “ఉల్లిపాయలు,” అంది రోమానా. బృందంలో వాళ్లు వచ్చారు, మెట్ల మీది ఇరుగుపొరుగు వచ్చారు. రేడియో విలేకరి చేతిలో రికార్డరుతో వచ్చి సోఫా అంచున కూర్చున్నాడు. చివరికి గుమ్మంలో అయిదు తెల్ల కార్నేషన్ పువ్వులు పట్టుకుని ఒక సన్నటి, నెరిసిన ఆడమనిషి నిలబడింది. బాగా ఇస్త్రీ చేసిన గౌను. భయం భయంగా బూట్లు విప్పింది. రోమానా ఆమెకి వేసుకోవడానికి ఇంటి చెప్పులు ఇచ్చింది. ఇన్నేళ్లూ ఊహల్లో ఎర్ర పెదాలతో నవ్విన మనిషి, ఆ పెద్ద చెప్పుల్లో చిన్నపిల్లలా ఉంది.

“మా బడిలో వాయించడానికి వచ్చారండీ,” అని చెప్పింది ఇలోనా, అందరూ అడిగితే. “నేను సంగీతం టీచర్ని. డెబ్బై తొమ్మిది, ఏప్రిల్ నెల. బయట మంచు కరిగి అంతా బురద. నన్ను చెయ్యి పట్టుకుని గుంట దాటించి, చేతి మీద ముద్దు పెట్టుకున్నారు. అంతే. తర్వాత పాట వచ్చింది... మా ఆయన పోయాక ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. పాట వచ్చినప్పుడల్లా అనుకునేదాన్ని, నన్ను ఒక మనిషి మర్చిపోలేదు అని.”

విలేకరి ముఖం వెలిగిపోయింది. రికార్డరు జెనోన్ ముందుకి జరిపాడు. “అయితే ఈవిడేనన్నమాట, కుల్పా గారూ?”

రోమానా వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఒక్క ‘అవును’తో కచేరీ నిలుస్తుంది, పోస్టరు నిలుస్తుంది, ఈ పిచ్చితల్లి కూడా ఆనందంగా ఇంటికెళ్తుంది. నిలవనిది తన సంసారం ఒక్కటే.

“ఈవిడే,” అంది అపోలోనియా కర్ర నేలకి కొట్టి. “రాసుకోండి.”

“అమ్మా, ఆగు,” అన్నాడు జెనోన్.

అతను లేచి నిలబడ్డాడు.

“ఏప్రిల్‌లో ఎవరూ రాలేదు. ఆ పాట ఆగస్టులో వచ్చిన మా ఆవిడ మీద రాశాను. సెన్సారువాడు మార్చమన్నాడు, మార్చాను. ఒక మాట కాదు, నాలుగు పంక్తులు. లూత్సియన్ చెప్పింది నిజం. పోస్టరు మీదున్నది అబద్ధం. మా ఆవిడకి కూడా ఇరవై ఏడేళ్లు అబద్ధమే చెప్పాను. ఇది రికార్డయిందా? అయితే అలాగే వెయ్యండి.”

బాస్ గిటారు వాయించే అతను చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టి బాల్కనీలోకి వెళ్లిపోయాడు. కలీనా తండ్రిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఇలోనా లేచింది. చెంపల మీద ఎర్రగా సిగ్గు.

“నన్ను క్షమించండి... నేను ఎంత పిచ్చిదాన్ని,” అంటూ గుమ్మం వైపు వెళ్లి, బూట్లు వెతుక్కుంది.

రోమానా గబగబా వెళ్లి ఆమె చేతిలోంచి బూటు తీసుకుంది. నిన్నటిదాకా ఈ మనిషి జుట్టు పట్టుకోవాలనుంది ఆమెకి. ఇవాళ ఎవరి ఏడుపు ఎవరిదో తెలియలేదు.

“ఎక్కడికి ఇలోనా గారూ? మీరు పిచ్చివాళ్లు కాదు. ఆ పాట మీకు తోడైంది, నాకు శత్రువైంది. రెండూ ఈయన చలవే. కూర్చోండి. కేకు కోయలేదింకా.”

ఆమె ఇలోనాని తీసుకొచ్చి తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఇద్దరూ ఒకే రుమాలుతో కళ్లు తుడుచుకున్నారు. అపోలోనియా కాసేపు చూసి, కర్ర పక్కన పెట్టి, తన ముందున్న పళ్లెం కోడలి వైపు జరిపింది. “నువ్వు పొద్దుట్నించి తినలేదు,” అంది. అంతకన్నా ఆవిడకి చేతకాదు.

“ఆ అసలు పాట పాడు నాన్నా,” అంది కలీనా.

జెనోన్ గిటారు తీసుకున్నాడు. కొత్త తీగలు మోగాయి. “ఆగస్టులో వచ్చావు, ట్రాములు ఆగిన వీధిలో...” అని ఎత్తుకున్నాడు. రెండో పంక్తి దగ్గర నోరు తెరిచి ఆగిపోయాడు. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అక్కడే ఆగాడు. ఇరవై ఏడేళ్లు ఏప్రిల్ పాడీ పాడీ ఆగస్టు మర్చిపోయాడు. బిత్తరపోయి రోమానా వైపు చూశాడు.

ఆమెకి కాగితం అక్కర్లేదు. దుంపల బస్తా మీద ఒక్కసారి చదివింది, అంతే.

“చెప్పులు చేత పట్టుకుని,” అంది రోమానా.

“చెప్పులు చేత పట్టుకుని...” అని పాడాడు జెనోన్.

“నడిచి నడిచి వచ్చావు.”

ఒక్కో మాటా ఆమె అందిస్తూ పోయింది, అతను వెనకే పాడుతూ వచ్చాడు. నాలుగో పంక్తి అయ్యేసరికి ఆరు దాటింది, స్లూప్స్క్ రైలు వెళ్లిపోయింది.